శాంతి ఫెలోషిప్‌కి జెనీవా వెళ్ళొచ్చాను: మన శ్రీకాకుళం వాళ్ళకి పనికొస్తుందా?

ముందు తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. పనికొస్తుంది, బాగా పనికొస్తుంది, కాకపోతే చేతిలో ఒక పని పట్టుకుని వెళ్ళినవాళ్ళకే. తిరిగొచ్చినప్పటి నుంచి ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ వైపు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతూనే ఉన్నారు. "అక్కా, ఖర్చంతా నిజంగా వాళ్ళే పెట్టుకుంటారా? ఇంగ్లిష్ ఎంత రావాలి? వచ్చాక మనకేంటి లాభం?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు నచ్చనివి కూడా ఉన్నదున్నట్టు రాయబోతున్నాను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, నేను చెప్పేదాంట్లో చాలా భాగం వాటికీ వర్తిస్తుంది.

అసలు ఇదేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. శాంతి స్థాపన, మానవతా దౌత్యం రంగాల్లో ఎదిగొస్తున్న నాయకులకి శిక్షణ అని ప్రకటనలో ఉంటుంది. నాయకులు అన్న మాట చూడగానే మనవాళ్ళు సగం మంది అక్కడే ఆగిపోతారు, మనమేమన్నా ఎమ్మెల్యేలమా కలెక్టర్లమా అని. వాళ్ళ లెక్క వేరు. ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుంటే మాట్లాడటానికి జనం ఎవరిని పిలుస్తారో, తుపాను వెళ్ళాక జాబితాలో పేరు లేనివాళ్ళ తరఫున తహసీల్దారు ఆఫీసుకి ఎవరు వెళ్తారో, వాళ్ళ దృష్టిలో వాళ్ళే నాయకులు. నాతో పాటు వచ్చినవాళ్ళలో ఒక నర్సు ఉంది, ఒక స్కూలు టీచరున్నాడు, శరణార్థి శిబిరంలో నీళ్ళ ట్యాంకర్లు చూసుకునే కుర్రాడున్నాడు. రెండు నెలలకు పైగా జెనీవా బయట ఒక పాత భవనంలో అందరం కలిసే ఉండాలి, అక్కడే తరగతులు, అక్కడే భోజనాలు, రాత్రి పొద్దుపోయేదాకా వంటింటి బల్ల చుట్టూ కబుర్లు. విమానం టికెట్లు, గది, తిండి, ఆరోగ్య బీమా, చేతి ఖర్చులకి స్టైపెండ్ అన్నీ వాళ్ళవే. ఖర్చు విషయంలో చిన్న మెలిక ఉంది, అది తర్వాత చెప్తాను.

మానవతా దౌత్యం అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ మన జిల్లాకి అది కొత్తేమీ కాదు. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2009లో దీని మీద ఒక విధానం రాసుకుంది. నిర్ణయాలు తీసుకునేవాళ్ళని, నలుగురి ఆలోచనని మలిచేవాళ్ళని, కష్టంలో ఉన్న మనుషుల మేలు కోసం కదిలేలా ఒప్పించడం అని దాని సారాంశం. ఆ నిర్వచనాన్ని మొదటి వారం తెర మీద చూపించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, అయినా పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేక మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కి వలసపోయి అక్కడి బోట్ల మీద తండేళ్ళుగా (బోటు నడిపే పెద్దలుగా), కళాసీలుగా (పనివాళ్ళుగా) పనిచేస్తారు. 2018 నవంబర్ చివర్లో అలా వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళని పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుపోయింది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. ఆ ఏడాదంతా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన పని ఏమిటి? సర్పంచి నుంచి ఎంపీ దాకా, కలెక్టరాఫీసు నుంచి ఢిల్లీ దాకా తిరిగి, నిర్ణయం తీసుకునేవాళ్ళని కదిలించడమే కదా. వాళ్ళకి ఎవరూ ఫెలోషిప్ ఇవ్వలేదు, శిక్షణ కూడా ఇవ్వలేదు.

నేను ఆ కేసు పట్టుకునే వెళ్ళాను. ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పాను. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఫెలోషిప్ మొత్తంలో అన్నిటికంటే విలువైనది చర్చల ప్రయోగశాల. మానవతా చర్చల కోసమే జెనీవాలో 2016 నుంచి ఒక ప్రత్యేక కేంద్రం నడుస్తోంది, యుద్ధభూముల్లో చెక్‌పోస్టుల దగ్గర మాట్లాడి మందుల లారీలు దాటించిన మనుషుల అనుభవాలన్నీ పోగేసి అక్కడ కొన్ని పద్ధతులు తయారుచేశారు. మా ట్రైనర్లు ఎక్కువగా వాటినే వాడారు. అందులో ఒకటి నాలుగు గళ్ళ పట్టిక. ఇరుపక్షాలూ ఒప్పుకునే వాస్తవాలు ఒక గడిలో, తగాదా ఉన్న వాస్తవాలు రెండో గడిలో. అలాగే ఇద్దరూ గౌరవించే నియమాలు మూడో గడిలో, పొత్తు కుదరని నియమాలు నాలుగో దాంట్లో. చూడటానికి ఎంత మామూలుగా ఉందో, నింపడానికి కూర్చుంటే అంత కష్టం. నాది నింపడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది.

ఏం రాశానో చెప్తాను, చదివేవాళ్ళకి ఉపయోగపడుతుంది. బోటు పేరు, నంబరు, పట్టుకున్న తేదీ, లోపల ఉన్న మనుషుల సంఖ్య: వీటి మీద రెండు దేశాలకీ తగాదా లేదు. బోటు ఆ క్షణాన సరిగ్గా ఎక్కడుంది: ఇది తగాదా. గుజరాత్‌కీ పాకిస్తాన్‌లోని సింధ్‌కీ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర సరిహద్దే తేలలేదు కాబట్టి అది ఎంతసేపు మాట్లాడినా తేలదు, దాన్ని అక్కడే వదిలెయ్యాలి. ఇక ఇద్దరూ ఒప్పుకున్న నియమాల గడి దగ్గరికొచ్చేసరికి నిండిపోయింది. 2008లో భారత్, పాకిస్తాన్ కాన్సులర్ ఒప్పందం చేసుకున్నాయి, దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశం ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుకున్న మూడు నెలల్లోపు దౌత్య అధికారులు వాళ్ళని కలిసే వీలు కల్పించాలి. శిక్ష పూర్తయి, జాతీయత ఖాయమైతే నెలలోపు పంపించెయ్యాలి. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం కూడా ఉంది, ఒక దేశానికి చేపల మీద హక్కులున్న సముద్ర భాగంలో (ఈఈజెడ్) వేట నిబంధనలు మీరినందుకు జైలు శిక్ష వెయ్యకూడదని, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, తగిన పూచీకత్తు తీసుకుని బోటునీ మనుషుల్నీ త్వరగా వదిలెయ్యాలని. ఈ చట్టాన్ని రెండు దేశాలూ ఆమోదించాయి. అంటే తగాదా గళ్ళని పక్కన పెట్టినా, పట్టుకుని లాగడానికి రెండు గళ్ళున్నాయి.

అప్పుడు కనిపించింది అసలు చిక్కు. జాతీయత ఖాయమైతే అన్నారు కదా, ఆ ఒక్క పదం దగ్గరే నెలలు గడిచిపోతాయి. అక్కడ జైల్లో చెప్పిన పేరు ఢిల్లీకి, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఎస్పీ ఆఫీసుకి, మండలానికి, చివరికి పల్లెకి రావాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బోటు యజమాని పుస్తకంలో పిలుపు పేరు, జైలు రికార్డులో ఇంకో రకం. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తలనొప్పే. మన పల్లెల్లో ఒకే పేరుతో నలుగురుంటారు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఊళ్ళలో పేరొక్కటే చూసి మనిషిని తేల్చడం అయ్యేపని కాదు. ఈ పనిని ఇంటి దగ్గర, బోటు ఎక్కకముందే చేసుకోవచ్చన్నది ఆ సాయంత్రం ఆ పట్టిక ముందు కూర్చున్నప్పుడు తట్టింది. దౌత్యం గురించి నేర్చుకోవడానికి అంత దూరం వెళ్ళి, నోట్‌బుక్కులో పేర్లు సరిగ్గా రాసుకోవడం దగ్గరికి వచ్చాను. నాకు అదే అన్నిటికంటే పెద్ద లాభం.

మరుసటి వారం అదే కేసు మీద రోల్ ప్లే పెట్టారు. ట్రైనరమ్మ, ఎన్నో ఏళ్ళు రెడ్‌క్రాస్ పనుల్లో తిరిగిన పెద్దావిడ, నన్ను కుటుంబాల తరఫున కూర్చోబెడుతుందనుకున్నాను. కాదు, పట్టుకున్న కోస్ట్ గార్డ్ అధికారి కుర్చీలో కూర్చోమంది. నా ఎదురుగా కుటుంబాల తరఫున మాట్లాడేది శ్రీలంకలోని జాఫ్నా నుంచి వచ్చిన తమిళ మిత్రుడు. ఇక్కడ కొంచెం ఆగి అతని సంగతి చెప్పాలి. వాళ్ళ ఊరి మత్స్యకారుల కష్టం మనదానికి తలకిందులు. యుద్ధం ముగిశాక మళ్ళీ వల వేసుకుందామని సముద్రంలోకి వెళ్తే, ఇవతలి నుంచి మన దేశపు ట్రాలర్లు మనకీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధి దాటొచ్చి అడుగుదాకా ఊడ్చి, వాళ్ళ వలల్ని కోసుకుంటూ పోతున్నాయి. ఇలా అడుగు ఊడ్చే వేటని, అంటే బాటమ్ ట్రాలింగ్‌ని, శ్రీలంక 2017లో చట్టంతో నిషేధించింది. పేపర్లో "మన జాలర్లని శ్రీలంక నేవీ అరెస్టు చేసింది" అని మనం చదివే వార్త, వాళ్ళ ఇంట్లో "ఈ రోజైనా వల తెగకుండా మిగిలింది" అనే వార్త. అతను ఈ మాట కోపంగా అనలేదు, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా అన్నాడు, నేను మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

సరే, రోల్ ప్లే. నా చేతికి ఒక కాగితం ఇచ్చారు, పైవాళ్ళ దగ్గర నుంచి నాకున్న ఆదేశాలు. బోటు మా నీళ్ళలోనే దొరికిందన్న మాట మీద వెనక్కి తగ్గకూడదు. విడుదల గురించి మాట ఇచ్చే అధికారం లేదు. అతను వచ్చి కూర్చుని సరిహద్దు ఊసే ఎత్తలేదు. "లోపల ఎంతమంది ఉన్నారు, పేర్లు ఇవ్వగలరా?" అన్నాడు. ఇవ్వగలను, కాగితంలో వద్దని లేదు. "ఒంట్లో బాగోలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? బీపీ మందులు వాడేవాళ్ళున్నారు, మందుల చీటీ మేం పంపిస్తాం." దానికీ అడ్డు చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. "ఇంటికి ఒక ఉత్తరం, క్షేమ సమాచారం మాత్రమే, మీరు చదివే పంపించండి." ఒప్పుకున్నాను. అరగంటలో అతను నా దగ్గర నుంచి నాలుగు విషయాలు తీసుకుని లేచాడు, నేను నా ఆదేశాల్లో ఒక్కటీ మీరలేదు. తర్వాత ట్రైనరమ్మ ఒక్కటే అడిగింది, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నీకు ఎవరంటే భయం వేసింది అని. ఎదురుగా ఉన్న మనిషంటే కాదు, ఆ ఆదేశాలు ఇచ్చిన పైఅధికారి అంటే. అవతలి కుర్చీలో ఉన్నవాడికి కూడా ఒక పైవాడుంటాడని, అతను పైకి వెళ్ళి చెప్పుకోగలిగే మాట మనమే అందించాలని ఎవరైనా వంద స్లైడ్లు వేసి చెప్పినా నాకు అంత ఎక్కేది కాదు.

మన వైపు అర్జీల్లో ఒకే వాక్యం ఉంటుంది, వెంటనే విడుదల చేయించాలి అని. అది న్యాయమైన కోరికే. కానీ అర్జీ అందుకున్న అధికారికి దాన్ని తీర్చే అధికారం ఉండదు, తీసుకుని దొంతరలో పెడతాడు. అదే అర్జీలో అతని చేతిలో ఉన్న పని ఒకటి అడిగితే, ఫలానా నలుగురి చిరునామా ధృవీకరణ ఈ వారం పంపించండి అంటే, అతను కాదనలేడు. ఇది నేను వచ్చాక రెండుసార్లు కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో చూశాను, పెన్షన్ల విషయంలో, పని చేస్తోంది.

రెడ్‌క్రాస్ మ్యూజియం సందర్శన కూడా కార్యక్రమంలో భాగమే. దీని గురించి రెండు పేరాలు రాయకుండా ఉండలేను. హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి 1859 జూన్‌లో సోల్ఫెరినో యుద్ధం ముగిసిన చోట దిక్కులేకుండా పడి ఉన్న గాయపడ్డవాళ్ళని చూసి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళని కూడగట్టి, ఏ దేశం సైనికుడని చూడకుండా సేవ చేయించాడు. అక్కడి నుంచి 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో దొరకనిది ఆ మ్యూజియంలో కార్డుల గది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైదీలైనవాళ్ళ ఆచూకీ కోసం జెనీవాలో ఒక ఏజెన్సీ పెట్టారు. ఒక్కో మనిషికి ఒక కార్డు, పేరు, రెజిమెంటు, ఎక్కడ పట్టుబడ్డాడు, ఏ శిబిరంలో ఉన్నాడు, ఎవరు అడుగుతున్నారు. అలాంటి కార్డులు లక్షలకి లక్షలు, చెక్క పెట్టెల్లో వరసగా గోడల నిండా. ఎన్నో రకాల చేతిరాతలు. ఎక్కువ భాగం వాలంటీర్లు రాసినవే. కొన్ని కార్డుల మీద ఒకే పేరుకి రెండు స్పెల్లింగులు రాసి, రెండూ ఒకరే అని గీత గీసి కలిపారు. వందేళ్ళ కిందట, కంప్యూటర్ లేని కాలంలో, ఎవరో ఒకావిడ కూర్చుని ఆ గీత గీసింది, ఎక్కడో ఒక తల్లికి జవాబు వెళ్ళింది. గైడు ముందుకి రమ్మంటున్నా నేను అక్కడే నిలబడిపోయాను. రెండో ప్రపంచ యుద్ధంలో పౌరులు ఇంటికి పంపుకునే రెడ్‌క్రాస్ సందేశాలు కూడా చూపించారు, 25 మాటలు దాటకూడదు, కుటుంబ విషయాలు తప్ప ఇంకేమీ రాయకూడదు, పైగా తెరిచిన కాగితమే పంపాలి. అంత చిన్న వీలునైనా యుద్ధం చేసుకుంటున్న దేశాల చేత ఒప్పించిన మనుషులున్నారు. ఈ ఫెలోషిప్‌కి ఎవరైనా వెళ్తే ఆ మ్యూజియానికి ఒక పూట సరిపోదు, శనివారం సొంతంగా మళ్ళీ వెళ్ళండి.

ఇక సిద్ధాంతాల తరగతులు. నార్వే పండితుడు జోహాన్ గాల్టుంగ్ చెప్పిన ప్రతికూల శాంతి, సానుకూల శాంతి తేడా బాగా చెప్పారు. తుపాకులు మూగబోతే అది సగం శాంతి, ఆ తుపాకులు పేలడానికి కారణమైన అన్యాయం పోతేనే మిగతా సగం అని. నేను సోంపేట బీల (చిత్తడి నేలలు) గురించి మాట్లాడాను. 2010 జూలై 14న థర్మల్ ప్లాంటుకి వ్యతిరేకంగా నిలబడ్డ జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి, అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. ప్లాంటు రాలేదు, ఊరు సద్దుమణిగింది, కానీ కేసులు ఏళ్ళ తరబడి జనం మెడకి చుట్టుకునే ఉన్నాయి. దీన్ని శాంతి అనాలా అని అడిగితే క్లాసులో గంటసేపు వాదన నడిచింది. కొలంబియా నుంచి వచ్చినావిడ 2016లో తమ దేశంలో శాంతి ఒప్పందం ప్రజాభిప్రాయ సేకరణలో అతి స్వల్ప తేడాతో ఎలా ఓడిపోయిందో చెప్పింది, ఒప్పందం రాసినవాళ్ళు ఊళ్ళలోకి వెళ్ళి మాట్లాడకపోతే ఏమవుతుందో అదొక్కటి చాలు. అలాంటి రోజులు బాగున్నాయి. మిగతా రోజుల్లో రిటైరైన రాయబారులు వచ్చి వాళ్ళ అనుభవాలు చెప్పారు, కొందరివి ఆసక్తిగా, కొందరివి సాగదీతగా. మొదటి రెండు వారాలు స్లైడ్లు మరీ ఎక్కువ, ఆ భాగాన్ని సగానికి తగ్గించి చర్చల ప్రయోగశాలకి ఇస్తే బాగుంటుంది. ఉదాహరణలన్నీ ఐరోపా, మధ్యప్రాచ్యం నుంచే. దక్షిణాసియా గురించి పాఠ్యాంశాల్లో దాదాపు ఏమీ లేదు, ఉన్నది మేం తెచ్చుకున్నదే. ముగింపు ఫారంలో ఇది గట్టిగానే రాశాను.

తిండి, బస. గది చిన్నదే, ఇద్దరికి ఒకటి, శుభ్రంగా ఉంది, కిటికీలోంచి ద్రాక్ష తోటలు. పంపు నీళ్ళే తాగొచ్చు. అక్టోబర్ దాటాక చలి మనవాళ్ళు తట్టుకోవడం కష్టం, సరస్సు మీద నుంచి వీచే ఈశాన్య గాలిని అక్కడ బీజ్ అంటారు, స్వెట్టర్ ఒక్కటే సరిపోదు, లోపల థర్మల్స్ కావాలి, అవి ఇక్కడే విశాఖలో కొనుక్కుంటే చవక. భోజనం రొట్టె, చీజ్, బంగాళదుంప, సూపు. అందరికీ వాడుకోవడానికి వంటిల్లుంది కాబట్టి బతికిపోతాం. కుక్కర్ పట్టుకెళ్ళక్కర్లేదు, అక్కడుంది. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ లగేజీలో, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి.

మెలిక అన్నాను కదా, అది డబ్బు దగ్గర. ఫుల్లీ ఫండెడ్ అని ప్రకటిస్తారు. నిజమే, చివరికి రూపాయి కూడా మన చేతి నుంచి పోదు. కానీ వీసా ఫీజు, హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు ఇచ్చొచ్చే ఖర్చు, కాగితాల నోటరీ ఇవన్నీ ముందు మనం పెట్టుకుని తర్వాత బిల్లులు పంపితే ఇస్తారు. ఆ డబ్బు తిరిగి చేతికొచ్చేసరికి కోర్సు సగం అయిపోయింది. స్టైపెండ్ మొదటి వాయిదా కూడా ఆలస్యమైంది. నెలకి పది పన్నెండు వేలు జీతం వచ్చే ఫీల్డ్ వర్కర్ ఆ ముందు ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి? చీటీ పాడాలి, లేకపోతే వడ్డీకి తేవాలి. నా రూమ్మేట్ నేపాల్ నుంచి వచ్చింది, ఆమె వాళ్ళ అన్న దగ్గర అప్పు తీసుకుని వచ్చింది. పేద జిల్లాల నుంచి మనుషులు రావాలని నిజంగా కోరుకునే సంస్థ ఈ ఖర్చుల్ని ముందే పంపాలి. ఇది నాకు చాలా కోపం తెప్పించిన విషయం, ఒక నక్షత్రం ఇక్కడే తీసేస్తున్నాను.

ఇంకో పెద్ద లోపం తిరిగొచ్చాక తెలుస్తుంది. చివర్లో ఒక ప్రాజెక్టు రాయించి, బాగున్నవాటికి సీడ్ గ్రాంట్, అంటే పని మొదలుపెట్టడానికి కొంత డబ్బు, ఇస్తామంటారు. మన దేశంలో విదేశీ నిధులు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. సంస్థ పెట్టి మూడేళ్ళు దాటాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షల రూపాయలు ఆశయాల మీద ఖర్చు పెట్టి ఉండాలి, ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బు తీసుకుని చిన్న సంస్థకి బదిలీ చెయ్యడం కూడా కుదరదు. స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివాటికి చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి మనం వెళ్ళిరావడానికి ఇబ్బంది లేదు, గ్రాంట్ దగ్గరే ఆగిపోతుంది. పల్లెలో పదిమందితో నడిచే సంఘం ఈ షరతులు ఎక్కడ తీర్చగలదు? ఈ సంగతి నిర్వాహకులకి ముందుగా తెలియదు, మేం ఇద్దరం భారతీయులం కూర్చుని వాళ్ళకి వివరించాల్సి వచ్చింది. అర్థం చేసుకున్నారు గానీ ప్రత్యామ్నాయం ఏమీ చూపలేదు. కాబట్టి గ్రాంట్ మీద ఆశ పెట్టుకుని వెళ్ళకండి. డబ్బు లేకుండా చెయ్యగలిగే ప్రాజెక్టు రాసుకోండి.

నాది అలాంటిదే. ఆ పేర్ల నోట్‌బుక్కు. వేటకి వలసపోయే ముందు ప్రతి మనిషి పేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో, తెలుగులో పలికే తీరుతో, పిలుపు పేరుతో సహా, తండ్రి పేరు, బోటు నంబరు, యజమాని ఫోను, వాడే మందులు, ఒక ఫొటో. మహిళా సంఘం దగ్గర ఒక కాపీ, గ్రామ సచివాలయంలో ఒక కాపీ. ఖర్చు జిరాక్సులకి అయినంతే. మొదటిసారి సంఘం మీటింగులో దీని గురించి చెప్తే, కొడుకు కరాచీ జైల్లో ఉండొచ్చిన ఒక పెద్దావిడ అంది, "ఇదేదో ముందే రాసుకుంటే మా వోళ్ళు అన్నాళ్ళు అక్కడ ఉండిపోయేవోరు కాదేటమ్మా?" జవాబు నా దగ్గర లేదు. అరెస్టులు ఆగేది రెండు ప్రభుత్వాల చేతుల్లో ఉంది, కాగితం పని మన చేతుల్లో ఉంది అని మాత్రం చెప్పగలిగాను. పేర్లు రాయడం ఆవిడే మొదలుపెట్టించింది.

అప్లై చేసేవాళ్ళకి కొన్ని మాటలు. పాస్‌పోర్టు ఇప్పుడే తీయించుకోండి, శ్రీకాకుళం పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది, ఎంపిక ఉత్తరం వచ్చాక పరుగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. షెంగెన్ వీసా (స్విట్జర్లాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చేది) 180 రోజుల్లో 90 రోజులకే కాబట్టి కోర్సు ఆ లోపే ఉంటుంది, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి, అది వాళ్ళే ఇస్తారు, కాగితం ముందే అడిగి తెప్పించుకోండి. ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్ళే ఎక్కువ. తప్పుల్లేని ఇంగ్లిష్ అక్కర్లేదు, అక్కడ సగం మందికి మనకంటే తక్కువ వచ్చు, కానీ చెప్పదలచుకున్నది చెప్పగలగాలి, ఎదుటివాళ్ళ యాస అర్థం చేసుకోగలగాలి. ఎస్సేలో ప్రపంచ శాంతి, గాంధీ, బుద్ధుడు అని మొదలుపెట్టకండి, అందరూ అదే రాస్తారు. ఒక ఊరు, ఒక తగాదా, అందులో మీరు ఎవరితో ఏం మాట్లాడారు, ఏం కుదిరింది, ఏం కుదరలేదు. వంశధార నీళ్ళ మీద ఒడిశాతో ఉన్న పేచీ కావచ్చు, సాలూరు అవతల కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల అధికారులు ఒకే ఊరికి వచ్చే పరిస్థితి కావచ్చు, టిట్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కొబ్బరి చెట్ల పరిహారం జాబితా గొడవ కావచ్చు. మనకి కేసులకి కరువు లేదు. అనుభవ ధృవపత్రాలు మాత్రం ఇప్పటి నుంచే పోగేసుకోండి, వాలంటీరుగా ఏళ్ళ తరబడి చేసి కాగితం లేక వెనకబడ్డవాళ్ళు మన దగ్గర చాలామంది.

ఎక్కువ కాలం చదవాలనుకునేవాళ్ళు రోటరీ పీస్ ఫెలోషిప్ కూడా చూడండి. ఏటా మాస్టర్స్‌కి కొందరిని, సర్టిఫికెట్ కోర్సుకి కొందరిని తీసుకుంటారు. ఫీజు, బస, ప్రయాణం అన్నీ ఇస్తారు. సర్టిఫికెట్ కోర్సుకి కనీసం ఐదేళ్ళ పని అనుభవం అడుగుతారు, అది ఉద్యోగం వదలకుండా చెయ్యగలిగేలా ఉంటుంది, కొన్ని వారాలు క్యాంపస్‌లో, మిగతాది సొంత ఊళ్ళో ప్రాజెక్టు చేసుకుంటూ ఆన్‌లైన్‌లో. ఉగాండాలో మకెరేరె విశ్వవిద్యాలయం, ఇస్తాంబుల్‌లో బహచెషెహిర్ విశ్వవిద్యాలయంలో కేంద్రాలున్నాయి, మన పుణేలో సింబయాసిస్‌ని కూడా కేంద్రంగా ఎంపిక చేశారు. రోటరీ సభ్యులు మాత్రం దీనికి అర్హులు కారు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. పెళ్ళై చిన్నపిల్లలున్న ఆడవాళ్ళు రెండు నెలలు ఎలా వదిలి వెళ్ళాలని అడుగుతున్నారు, నిర్వాహకులు పిల్లల్ని తీసుకురానివ్వరు, ఆ విషయంలో ఏ సర్దుబాటూ లేదు, ఇంట్లో అమ్మో అత్తో ఆడపడుచో నిలబడితేనే కుదురుతుంది, ఇది కూడా ముగింపు ఫారంలో రాశాను. ఈసారి అప్లై చేస్తున్నవాళ్ళు ఎస్సే ముందు తెలుగులోనే రాసుకోండి, మీ మాటల్లో, మీ ఊరి పేరుతో. ఇంగ్లిష్‌లోకి మార్చడానికి ఆదివారాలు మధ్యాహ్నం మా ఆఫీసులో కూర్చుంటాను, ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, కాగితం మీద రాసి తెచ్చినా చాలు.